మసి కడిగిన గింజలు

మొదట రామనర్సయ్య చేతిలో ఉన్నవి ఒక పరఖీ, ఒక ముక్కు, ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట అందుకునే ఒక నాలుక. పరఖీ అంటే బస్తా పొట్టలోకి గుచ్చి గుప్పెడు గింజలు బయటికి లాగే ఇనుప గొట్టం. అదీ కొత్తది కాదు, చర్లలో ఒక సేఠ్ కొస వంగిందని మూలన పారేస్తే అడిగి తెచ్చుకుని, రాతి మీద పెట్టి తిన్నగా కొట్టుకున్నది. వాటితోనే ఈ బస్తర్ సంతల్లో కోచియాగా దిగాడు. ఊరి గింజను సంతలో పట్టి పట్నం సేఠ్‌కు చేర్చి, ఇటువాళ్లతో దొంగ అనిపించుకుని అటువాళ్లతో మొద్దు అనిపించుకునే మధ్యవాణ్ణి ఇక్కడ అలాగే పిలుస్తారు. గోండీలో పలకరించి, హల్బీలో బేరమాడి, హిందీలో అమ్మి, లాభమా నష్టమా అన్నది మాత్రం తెలుగులో ఆలోచించుకునేవాడు. మోచేతి దాకా బస్తాలోకి చెయ్యి పెడితే లోపలి వేడే చెప్పేది ఆ సరుకు నిలుస్తుందో లేదో. గింజ పంటి కింద టక్కుమనాలి, మెత్తగా నలిగితే తడి. పిడికెడు తీసి రేకు మీద విసిరితే ఆ చప్పుడులోనే సగం బేరం తేలిపోయేది. ఇన్నేళ్లూ ఆ ముక్కును, ఆ పంటిని, ఆ చెవిని నమ్ముకుని బతికినవాడు, ఇవాళ తోంగ్‌పాల్ రోడ్డు పక్క రేకుల షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, అగ్గిపుల్ల కంటే కాస్త వెడల్పున్న ఒక తెల్ల పట్టీ ఏం చెబుతుందా అని ఎదురుచూస్తున్నాడు.

పట్టీ ఇంకా తడవనే లేదు. కల్యాణి అన్ని బస్తాల నుంచీ తీసిన గింజలను ఒక తొట్టిలో కలిపి, అందులో కొంత మిక్సీలో వేసి పొడి కొడుతోంది. కిరండూల్ గని కాలనీలో పుట్టి పెరిగిన పిల్ల, తండ్రి విజయనగరం వైపు నుంచి గనిలో పనికి వచ్చినవాడు. జగదల్‌పూర్‌లో చదివి, ఈ పరీక్ష నేర్చుకుని, పెట్టెలో మిషను పెట్టుకుని పిల్లల తిండి తయారయ్యే చోటల్లా తిరుగుతోంది. ఈ షెడ్డుకు రావడం ఇదే మొదలు. షెడ్డు దేవే వాళ్ల సమూహానిది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి మొక్కజొన్న, శనగలు, పల్లీలు వేయించి, పట్టించి, బెల్లం కలిపి అంగన్‌వాడీ పిల్లలకు పొడి ప్యాకెట్లు కడతారు. పసినోళ్లకు పోయే సరుకు కనుక ఇక మీదట ప్రతి లోడూ ఈ పట్టీ మీద తేలాలని పైనుంచి మాట వచ్చింది. తేలితే ఏడాది పొడవునా మొక్కజొన్న పంపేది రామనర్సయ్యే. తేలితే ఇక కోచియా కాదు, సంతలో గోనెపట్టా పరుచుకుని ఎండలో కూర్చోనక్కర్లేదు, ఏ సేఠ్ గోదాము గుమ్మంలోనూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. తప్పితే మటుకు తన గోదాములో కప్పు దాకా పేర్చిన బస్తాలను కోళ్ల దాణావాడు కూడా ముట్టడు, వాడి గేటు దగ్గరా ఇదే మిషను పెట్టారట. ఇంతవరకూ ఎవరికైనా చెప్పుకోగల సంగతే. చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఇవాళ దించిన లోడులో ముందు వరసల్లో పసుపుపచ్చగా మెరిసే బస్తాలు పెట్టి, వెనక గోడ వైపు నల్లవి దూర్చాడు.

నల్లవంటే పొగచూరినవి. ఇక్కడి ఇళ్లలో వానల్లో కోసిన కంకులను పొయ్యి పైన దండెం కట్టి వేలాడదీస్తారు. వంట పొగ రోజూ తగిలి తగిలి గింజకు మసి పడుతుంది, ఒలిచి సంతకు తెచ్చేసరికి ముట్టుకున్న చెయ్యల్లా నల్లబడుతుంది. దాణా మిల్లు ఏజెంటు ఒకసారి ఆ గింజను చేతిలో వేసుకుని, "క్యా సేఠ్, కోయలా బేచ్ రహే హో?" అన్నాడు, బొగ్గులమ్ముతున్నావా అని, చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వును మూట కట్టుకుని వచ్చి, ఆ వారం నుంచే సంతలో రెండు ధరలు పెట్టాడు. పసుపుది పీలా, మసిది కాలా. పీలాకు నిండు ధర, కాలాకు కోత. పేచీ పెట్టిన ఆడవాళ్ల అరచేతిలోనే గింజను రుద్ది, చూసుకో నీ చెయ్యే చెబుతోంది అనేవాడు. తోంగ్‌పాల్ నుంచి ఎర్రబోరు దాకా, గొడవల్లో మూతబడి మళ్లీ లేచిన బాసగూడ సంతలో కూడా, మిగతా కోచియాలంతా ఆ కోతనే పట్టుకున్నారు. మార్కెట్టును తను మార్చాడు, వంగిన పరఖీతో వచ్చినవాడు. ఆ తలపు వచ్చినప్పుడల్లా వీపు దానంతటదే నిటారుగా అయ్యేది. ఇంట్లో సోమక్క మాత్రం మక్కరవ్వతో వండే గట్కకు కాలాయే తెమ్మంటుంది, పొగ వాసన లేని గట్క దవాఖానల పెట్టే గట్క లెక్క ఉంటదని. భార్య నాలుకను బట్టి బజారు నడుస్తుందా అని నవ్వి ఊరుకునేవాడు. మరి ఇవాళ ఆ కాలాను ఎందుకు దూర్చినట్టు? చవగ్గా వచ్చింది కనుక, పీలా ధరకు పోతుంది కనుక, పొడి కొట్టి బెల్లం కలిపాక నలుపేమిటి పసుపేమిటి కనుక. పరఖీ ముందు వరసలోనే దిగుతుందనుకున్నాడు, ఏ గోదాములో చూసినా అలాగే దిగుతుంది. ఈ పిల్ల చెప్పులు విడిచి బస్తాల మీదికెక్కి గోడ దాకా పోయింది.

"ఏంది బిడ్డా, ఇంకెంతసేపు?"

"మీరు లేచినప్పుడల్లా ఇంకో గంట పెరుగుతాది బాబాయ్. కూకోండి," అంది కల్యాణి, తల ఎత్తకుండానే.

పెద్ద మూకుడులో పల్లీలు తిప్పుతున్న దేవే గరిటె ఆపింది. సమూహానికి పెద్ద ఆమే, నోటికీ ఆమే పెద్ద. "సేటు మొఖం చూడుండ్రే, పెండ్లిచూపులకు వచ్చిన పిలగాని లెక్క చెమటలు కక్కుతున్నడు. పిల్ల ఇంక బయటికే రాలే!"

ఆడవాళ్లు గొల్లుమన్నారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి," అన్నాడు రామనర్సయ్య. "పాసైనంక చాయ్ ఎవలు తాపుతరో నేను గూడ చూస్త."

"నువ్వే తాపుతవ్. ఆ చాయ్ గూడ పట్టీ మీద పోసే తాగుతం."

నవ్వాడు కానీ కళ్లు కల్యాణి చేతుల మీదే. కల్యాణి పొడిని చిన్న సీసాలో పోసి, స్పిరిట్ కలిపి, గట్టిగా బిగించి ఊపుతోంది, గాజులు గలగలమంటున్నాయి. అడుగున మడ్డి దిగితే పైన తేరుకున్న నీళ్లలోంచి కొన్ని చుక్కలు తీసి ఇంకో మందులో కలిపి పట్టీ మీద వేస్తుందట. కాసేపు ఆగి మిషనులో దూరిస్తే అది లోపల వెలుగు వేసి చూస్తుందట. బూజు కాదు బాబాయ్, బూజు వదిలే విషం, కంటికి ఆనదు, వాసన రాదు, పిల్లల కాలేయంలో కూకుంటాది, అని వచ్చీరాగానే చెప్పింది. పట్టీ మీది గీత బాగా వెలిగితే సరుకు మంచిది, మసకేస్తే విషం ఉన్నట్టు. ఇదేం లెక్క అనుకున్నాడు. కాటా అయితే సరుకు పెరిగితే ముల్లు పెరుగుతుంది, ఏ కొలతైనా ఉన్నదానికి ఎక్కువ చూపిస్తుంది. ఇదేమో లేనప్పుడు వెలిగి ఉన్నప్పుడు ఆరిపోతుంది. కంటికి ఆననిదాన్ని తను ఎట్లా చూడాలి? వాసన రానిదాన్ని ఎట్లా పట్టాలి? చెయ్యి పెడితే వేడి లేదు, కొరికితే టక్కుమంటుంది, విసిరితే మోగుతుంది, అన్నీ సరిగ్గానే ఉండి గింజ మాత్రం చెడ్డది కావచ్చునంటే, ఇన్నేళ్లుగా తను అమ్మినదేమిటో తనకే తెలియదన్నమాట. తువ్వాలు విప్పి మళ్లీ తలకు చుట్టుకున్నాడు. బిగుతుగా ఉన్నట్టనిపించి మళ్లీ విప్పాడు.

బయట పికప్ వచ్చి ఆగింది. డ్రైవరు రాంప్రసాద్ దిగి, డాలా అనే వెనక తలుపు కిందికి వేసిన చప్పుడు. ఎర్రబోరు గాడీ. మొన్నటి లోడుతో కట్టిన ప్యాకెట్లు ఇవాళే మొదటిసారి ఊళ్లకు పోతున్నాయి. ఆడవాళ్లు షెడ్డు పక్కగదిలో నుంచి అట్టపెట్టెలు మోసుకొచ్చి గాడీలో పడేస్తున్నారు, ధబ్, ధబ్, ధబ్. ఆ చప్పుడు వింటుంటే కొంచెం స్తిమితపడ్డాడు. ఆ మొన్నటి లోడూ తనదే, ముచ్చటగా ఉండాలని మొదటి లోడు అంతా పీలాయే పంపాడు, ఒక్క నల్ల గింజ లేకుండా ఏరి. దేవే గింజను దోసిట్లో పట్టి చూసి, బంగారం లెక్క ఉన్నయి సేటు అంది. ఆ మాటకు వారమంతా కడుపు నిండింది. ఇదేదో ఇవాళ గట్టెక్కితే చాలు, మళ్లీ అటువంటి సరుకే పంపుతాను, కాలా జోలికి పోను, దేవుడి తోడు పోను. ధబ్, ధబ్. పట్టీ మీద చుక్క పడింది. కల్యాణి ఫోను చూసుకుంటూ కూర్చుంది. తడి పట్టీ పొడవునా పాకుతోంది, సంతలో వాన మొదలైనప్పుడు గోనెపట్టా అంచు నుంచి చెమ్మ లోపలికి వచ్చినట్టు, మెల్లగా, ఎవరూ ఆపలేనట్టు. పట్టీని మిషనులోకి తోసింది. మిషను చిన్నగా మూలిగింది. కల్యాణి కనుబొమలు ముడిపడ్డాయి.

"పోయింది బాబాయ్."

"ఏం పోయింది?"

"సరుకే. గీత సరిగ్గా వెలగనేదు. హద్దు దాటిపోనాది."

మూకుడులో గరిటె ఆగింది. దేవే ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. రామనర్సయ్యకు మాత్రం లోపల ఏదో పాత పనిముట్టు చేతికి దొరికినట్టయింది. బేరం చెడినప్పుడు ఏం చెయ్యాలో అతనికి తెలుసు, చెడ్డదాన్ని విడగొట్టి మంచిదాన్ని నిలబెట్టుకోవాలి. "ఆగు బిడ్డా. మొత్తం కలిపి చూసినవ్ గద, అందుకే. గోడ పక్కన కాలా బస్తాలున్నయి, పొరపాటున వచ్చినయి. నల్లయి వేరుగ, పీలా వేరుగ చూడు. నల్లయి నేను తీస్కపోత."

"పొరపాటునా?" అంది దేవే. "వాటికవే నడిచి వచ్చి గోడకానుకుని కూసున్నయా?"

"అమాలీలు ఎక్కించిన్రు. నేను చూడలే."

"నువ్వు చూడకుంట బస్తా కదులుతదా సేటు! మా ఊరి కుక్కలు గూడ నమ్మవు."

మాట పడ్డాడు. పడటంలో తప్పు లేదు, బేరంలో పడ్డ మాట ఒంటికి అంటుకోదు. కల్యాణి మళ్లీ బస్తాలెక్కింది, రెండు గిన్నెల్లో వేర్వేరుగా గింజలు తెచ్చింది, రెండింటినీ వేర్వేరుగా మిక్సీలో వేసింది. పోనీ, నల్లవి పోతే పోనీ, చవగ్గా వచ్చినవి చవగ్గానే పోతాయి, పీలా నిలబడితే చాలు, గోదాము నిండా ఉన్నది అదే. మొదట కాలా వేసినట్టుంది, మిక్సీ గలగలమంది, ఎండిన గింజ గాజు పెంకుల్లా చిట్లే చప్పుడు, బాగుందే అనుకున్నాడు అలవాటు కొద్దీ. తరువాత పీలా. అది గలగలమనలేదు. గుర్రుమని ఒక చుట్టు తిరిగి మందంగా అయిపోయింది, కల్యాణి మూత తీసి, గోడకు అంటుకుపోయిన పొడిని చెంచాతో గీకి, మళ్లీ తిప్పింది. "ఇవేటి బాబాయ్ ఇలా అంటుకుంటన్నాయి?" అంది. అతని చెవి, ఎన్నడూ అబద్ధం చెప్పని ఆ చెవి, చప్పుడును పట్టుకుని వదలడం లేదు. పైన ఎండింది, లోపల ఎండలేదు. పంటి కింద టక్కుమన్నది పై తోలే. ఎట్లా ఎండుతుంది? దసరా పోయాక కూడా వదలని ఆ ముసురులో ఎట్లా ఎండుతుంది? ధబ్, ధబ్, బయట పెట్టెలు పడుతూనే ఉన్నాయి. ఆ ముసురు రోజుల్లో ఎర్రబోరు దగ్గర వాగు, మోకాలి లోతు నీళ్లు, ఒడ్డంతా ఆడవాళ్లు, వెదురుబుట్టలు నీళ్లలో ముంచి గింజను చేత్తో తోముతున్నారు, అన్నం ముందు బియ్యం కడిగినట్టు, కిందికి పోయే నీళ్లు ఇంకు కలిసినట్టు నల్లగా. తను మోటారు సైకిలు ఆపి చూశాడు. ఏంది ఇది అని అడిగాడు. లక్మే తల ఎత్తింది. ముందటి సంతలో ఆమె అరచేతిలోనే మసి రుద్ది చూపించాడు. ఆమె నవ్వి, "నువ్వే గద సేటు నల్లగుంటే కోత అంటివి! చూడు, మంచిగ తోమి పెండ్లికూతుర్ని చేసినం," అంది. పక్కనున్న ఆమె, "పసుపు గూడ రాస్తమా?" అంది, అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. శభాష్ అన్నాడు. ఇగ ఇట్లనే తేవాలె అన్నాడు. బండి ఎక్కి పోతూ, ఇన్నాళ్లకు వీళ్లకు వ్యాపారం తెలిసింది, తెలిసేలా చేసింది నేనే, అని మురిసిపోయాడు కూడా.

కడిగిన గింజను తారురోడ్డు మీద ఆరబోశారు, చినుకు పడితే పరుగెత్తుకొచ్చి ఎత్తారు, తెరిపిస్తే మళ్లీ పోశారు. మెరిసింది. నిండు ధర ఇచ్చాడు. గోదాములో ఒక బస్తాలో చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా, కోడి పొదిగిన గడ్డిలా ఉంది. విప్పి పోస్తే పచ్చని దుమ్ము లేచింది, తుమ్మాడు. అది కొత్త సంగతి కాదు, వానాకాలం సరుకుకు బూజు రాక ఏమొస్తుంది. పెద్ద ఫ్యాను పెట్టి తూర్పార పట్టించాడు, జల్లించాడు, రెండు ఎండలు తగిలించాడు, మళ్లీ బంగారమైంది. బూజు ఎగిరిపోయింది, దానితో ఆ మాటా ఎగిరిపోయింది. అందులోంచే కదా మొన్నటి లోడు. అందులోంచే. ధబ్. లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, స్టూలు కిర్రుమంది. ఎవరో అడుగుతున్నట్టుగా, దారిన పోయేవాడు అడిగినట్టుగా అడిగాడు.

"బిడ్డా, బూజు పట్టిన గింజను తూర్పార పట్టి ఎండబెడితే మంచిగైతది గద?"

"బూజు పోతాది బాబాయ్. అది వదిలింది గింజలోనే ఉండిపోతాది."

"వేయిస్తే?"

"వేయించినా అంత సులువుగా పోదు. అందుకే కదా ఇదంతా."

చుక్కలు పడ్డాయి, రెండు పట్టీలు పక్కపక్కన, చెమ్మ రెండింటిలోనూ సమంగా పాకుతోంది. ఏది వెలుగుతుందో అతనికి ముందే తెలిసిపోయింది, ముక్కు చెప్పనిది, పన్ను చెప్పనిది, మిక్సీ చప్పుడు చెప్పింది, వాగు నీళ్లు చెప్పాయి. అయినా చెయ్యి మోకాలి మీద తాళం వేస్తూ, కాదులే, కాదులే అంటోంది. బయట పెట్టెల చప్పుడు ఆగిపోయింది. ఆగిపోవడం ఇంకా ఘోరంగా ఉంది, లోడు నిండిందన్నమాట. కల్యాణి మొదటి పట్టీ తోసింది, మిషను మూలిగింది, ఆమె ఆశ్చర్యంగా అటూ ఇటూ చూసి, తప్పు పట్టీ పెట్టానా అని గుర్తు సరిచూసుకుంది. "నల్లవి బాబాయ్. ఎంత బాగా వెలుగుతన్నాదో సూడండి, అసలేటీ లేనట్టే." రెండోది తోసింది. మిషనును అతని వైపు తిప్పింది. గీత ఉండవలసిన చోట, తెల్లవారి ఆరిపోయే దీపం వత్తి పాటి వెలుగు కూడా లేదు. దేవే వచ్చి తొంగిచూసింది, ఒకసారి పీలా గిన్నె వైపు, ఒకసారి కాలా గిన్నె వైపు. "అయితే మసి మంచిదా?" అంది ఎవరితోనో. పొగ పెట్టి గింజను ఎండబెట్టిన వాళ్లకు కోత వేసి, ఆ పొగను కడిగి తడిపి తెచ్చిన వాళ్లకు నిండు ధర ఇచ్చాను. మంచిదాన్ని చెడ్డది చెయ్యడానికి కూలి ఇచ్చి మరీ చేయించాను. అని లోపలే లెక్క తేల్చుకున్నాడు రామనర్సయ్య.

పికప్ ఇంజను స్టార్టయింది. ఎవరూ అటు చూడలేదు, అందరి కళ్లూ మిషను మీదే. ఎవరికీ తట్టలేదు. కల్యాణికి మొన్నటి లోడు సంగతే తెలియదు, ఆమె ఇవాళే వచ్చింది, ఆమె ముందున్నవి ఇవాళ్టి బస్తాలే. దేవే కోపమంతా ఇవాళ్టి బస్తాల మీదే. తను ఊరుకుంటే ఇవాళ్టి పీలా మాత్రం వెనక్కి పోతుంది, కాలా తేలింది కనుక కాలా తెస్తానంటే దేవే తిట్టి తీసుకుంటుంది, ఏడాది సరఫరా నిలబడుతుంది. ఊరుకోవడమంటే అబద్ధం చెప్పడం కాదు, ఎవరూ అడగలేదు, అడగనిదానికి జవాబు చెప్పే వ్యాపారి ఎక్కడుంటాడు. ఒక ప్యాకెట్టుకు ఏమవుతుంది, రెండు ప్యాకెట్లకు ఏమవుతుంది, ఇన్ని వానాకాలాలు బూజు గింజ తినే బతికారు కదా జనం, పడిపోయారా, పడిపోతే మాత్రం దేనివల్లనో ఎవరికి తెలుసు, కంటికి ఆనదు, వాసన రాదు. అదే కదా దీనితో సుఖం, ఎప్పటికీ తెలియదు. ఎప్పటికీ. వాగు ఒడ్డున లక్మే వీపు మీద గుడ్డలో పిల్ల, ముక్కు కారుతూ, తల్లి భుజం మీంచి చెయ్యి చాచి బుట్టలో తడి గింజ ఒకటి తీసి నోట్లో పెట్టుకుంది, చిగుళ్లతో అటూ ఇటూ తోసింది, కొరకలేక మళ్లీ తీసి చూసుకుంది. ఇంకా పళ్లు రాని పిల్ల. పొడి అయితే మింగుతుంది. తల్లి తోమిన గింజే, తను మెచ్చుకున్న గింజే, బెల్లం కలిసి, ప్యాకెట్టులో, ఈ గాడీలో, ఎర్రబోరుకు. డాలా గొలుసు వేసిన చప్పుడు. కాళ్లు ఎప్పుడు లేచాయో అతనికి తెలియదు. స్టూలు వెనక్కి పడింది. షెడ్డు బయట ఎండ కళ్లలో కొట్టింది, తువ్వాలు జారిపోయింది, రెండు చేతులూ చాచి పికప్ ముందు నిలబడి ఉన్నాడు, బానెట్టు కడుపుకు తగులుతోంది.

"అరే! మర్నా హై క్యా సేఠ్‌జీ?" రాంప్రసాద్ కిటికీలోంచి అరిచాడు, చావాలని ఉందా అని.

"ఉతారో. సబ్ ఉతారో," అన్నాడు రామనర్సయ్య, అన్నీ దించమని.

దేవే పరుగున వచ్చింది, చేతిలో గరిటె అలాగే ఉంది. "ఏంది సేటు, పట్టీ చూసి నీకు గాలి సోకిందా?"

"మొన్నటి లోడు గూడ గదే. మొత్తం పీలానే. ఎర్రబోరు వాగుల కడిగిన మక్కలు. బూజొస్తే నేనే తూర్పార పట్టించిన. ఈ ప్యాకెట్లన్ని అవే."

దేవే అడిగింది, గట్టిగా కాదు. "కడగమన్నది ఎవలు?"

"కడగమనలే. మసి ఉంటే కోత పెట్టిన. అందుకే కడిగిన్రు."

"అంటే నువ్వే."

"నేనే."

ఆమె థూ అని నేల మీద ఉమ్మింది. అతని మీద కాదు, అతనికి దగ్గరగా. తరువాత తమ ఇంటి మాట డోర్లీలో ఏదేదో అంది, అతనికి వచ్చిన భాషే, అర్థం కానట్టు నిలబడ్డాడు. గరిటెను బానెట్టు మీద పెట్టి, గొలుసు లాగి, తనే డాలా ఎక్కి పెట్టెలు కిందికి తోయడం మొదలుపెట్టింది. కల్యాణి ఒక ప్యాకెట్టు చించి లోపలికి తీసుకుపోయింది. అది పట్టీ మీద ఆరేసరికి పెట్టెలన్నీ మళ్లీ గదిలో ఉన్నాయి. రామనర్సయ్య కూడా మోశాడు, ఎన్నాళ్లయిందో బరువు మోసి, నడుము పట్టేసింది. కల్యాణి గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపింది. "ఇదీ వెలగనేదు."

"ఇంతకు ముందు ఏదన్నా పోయిందా?" అని అడిగాడు. అడగడానికి భయపడి భయపడి.

"ఇదే మొదటి గాడీ," అంది దేవే. కొంగుతో ముఖం తుడుచుకుని అతని ముందుకొచ్చి నిలబడింది. పొమ్మంటుందనుకున్నాడు, అనాలి, తనైతే అనేవాడు. "నల్లయి ఇంక దొరుకుతయా?"

"ఇండ్లల్ల ఉంటయి. కడగని ఇండ్లల్ల."

"పీలా ధర పెట్టి కొను. కోత మాట ఎత్తినవంటె ఈ గరిటెనే. ఎర్రబోరు సంతల నువ్వే నిలబడి, నీ నోటితోనే చెప్పాలె, కడగొద్దని, మసి ఉంటెనే తెమ్మని. గుట్టుగ కాదు, అందరు వినాలె."

"నవ్వుతరు దేవే. ముసలోనికి మతి పోయిందంటరు. మిగిలిన కోచియాలు నన్ను సంతల కూసోనీయరు."

"నవ్వనీ. సంతల నువ్వు మసి రుద్దింది మాకెరుకే, లక్మే అయితే నవ్వది, నీ చెయ్యి పట్టుకుని మసి రుద్ది చూపిస్తది." ఆమెకు నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. "ఏడాది సంగతి తర్వాత. ముందు ఒక్క లోడు తే. ప్రతి బస్తా ఈ పిల్లే ఎక్కి చూస్తది."

షెడ్డు ముందు మెట్టు మీద కూలబడ్డాడు. అలవాటు ఊరుకోనివ్వదు, నడుము నొప్పిలో కూడా లోపల కూడికలు తీసివేతలు సాగుతూనే ఉన్నాయి. గోదాములో కప్పు దాకా ఉన్న పీలా పోయింది, పశువులకు కూడా పెట్టకుండా గొయ్యి తీసి పూడ్చాలి, ఆ గొయ్యి తవ్వే కూలీ కూడా తనదే. ఏడాది సరఫరా చేతికి రాకముందే సగం జారింది. సంతలన్నిటా నిలబెట్టిన రెండు ధరలను తనే తిరగేసి చెప్పాలి, ఇన్నాళ్ల తెలివి అంతా తల్లకిందులని తన నోటితోనే ఒప్పుకోవాలి. సోమక్కకు చెబితే ఏమంటుందో ఆలోచించబుద్ధి కాలేదు. ఇన్ని పోయాక, ఏదో ఒకటి దక్కి ఉండాలి కదా, ఏ లావాదేవీ అయినా ఒట్టి నష్టంతో ముగియదు, అని వెతుక్కుంటూ కూర్చున్నాడు. రాంప్రసాద్ తిట్టుకుంటూ డాలా మూసి గాడీ తిప్పాడు, రోడ్డెక్కాక గతుకుల మీద ఖాళీ డబ్బా ధనధనమని మోగింది, జగదల్‌పూర్ వైపు దూరమవుతూ, మలుపు తిరిగాక వినిపించలేదు. రామనర్సయ్య చెవి చివరిదాకా విన్నది. ఆ పూటకు దక్కింది అదే: ఎర్రబోరుకు ఏమీ పోలేదు.